ఎండాకాలం సాయంత్రం సిగార్: డబ్బా తీసినప్పటి నుంచి ఆఖరి దమ్ము దాకా

మే నెలలో హైదరాబాద్‌లో పొద్దు గుంకేసరికి ఆరు నలభై దాటుతుంది, కానీ డాబా గచ్చు మాత్రం ఎనిమిదింటికి కూడా అరికాళ్ళకి వేడిగానే తగులుతుంది. నేను ఏడింటికి రెండు బకెట్ల నీళ్ళు చల్లి కిందికి దిగిపోతాను. స్నానం, భోజనం అయ్యాక ఎనిమిదిన్నరకి మళ్ళీ ఎక్కితే గచ్చు ఆరి ఉంటుంది, గాలి కాస్త తిరిగి ఉంటుంది. సిగార్ వెలిగించేది అప్పుడు. ఏడింటికే తొందరపడితే ఒళ్ళు చెమటలు కక్కుతుంటుంది, నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది, ఆ నోటికి ఎంత మంచి ఆకైనా ఒట్టి ఘాటుగానే తెలుస్తుంది.

సిగార్ ఎలా తాగాలో చెప్పే సలహాలు చాలావరకు చల్లటి ఊళ్ళవాళ్ళు రాసినవి. వాళ్ళ ఇంట్లో 20 డిగ్రీలు ఉంటే మన ఇంట్లో 36. అక్కడి పద్ధతి ఇక్కడ యథాతథంగా పాటించి నేను మొదటి రెండు వేసవుల్లో డబ్బు, సిగార్లు రెండూ పోగొట్టుకున్నాను. తర్వాత నాకు అర్థమైంది ఒకటే. మన దగ్గర సిగార్ రుచిని చంపేది వేడి. దాచేచోట వేడి, తాగేవాడి ఒంట్లో వేడి, దమ్ము దమ్ముకీ చుట్టలో పెరిగే వేడి. కింద నేను చెప్పేదంతా దాన్ని తగ్గించుకునే దారే.

మొదలుపెట్టేముందు ఒక్క మాట, దీన్ని దాటేయకండి. పొగ లోపలికి పీల్చం కాబట్టి సిగార్‌తో ప్రమాదం లేదనుకోవడం తప్పు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, చిగుళ్ళ జబ్బు, గుండె జబ్బు వచ్చే ముప్పు సిగార్‌తోనూ ఉంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కి సరిపడా పొగాకు ఉండొచ్చు. పైగా సిగార్ పొగకి క్షారగుణం ఎక్కువ, అందువల్ల నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేకుండా నోటి పొరల్లోంచే రక్తంలోకి ఎక్కేస్తుంది. పొగాకు అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టొద్దు, మానేసినవాళ్ళు మళ్ళీ ముట్టుకోవద్దు, 18 ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మడమే చట్టవిరుద్ధం. ఇప్పటికే అప్పుడో ఇప్పుడో తాగే పెద్దవాళ్ళ కోసం రాస్తున్నాను. నేనైతే నెలకి రెండు దాటను. ఇంట్లో చంటిపిల్లలు ఉన్న రోజుల్లో డాబా మీద కూడా వెలిగించను.

చుట్ట తెలిస్తే సిగార్ సగం తెలిసినట్టే

మా తాతయ్యది కోనసీమ. సాయంత్రం నులకమంచం మీద కూర్చుని లంక పొగాకు కట్టలోంచి ఒక ఆకు తీసి, తడిచేత్తో తుడిచి, తొడ మీద పరిచి, మధ్య ఈనెని ఒక్క లాగుతో చీల్చేసేవాడు. ఆ చీరే చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ముక్కాకులు లోపల పెట్టి, మంచి ఆకు పైన చుట్టి, కొసని నాలుకతో తడిపి అంటించేవాడు. గోదావరి లంకల్లో పండిన ఆ ఆకుకి ఎంత పేరంటే, 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇంగ్లీషువాళ్ళు ఒక రకం ఘాటు చుట్టని ‘లంకా’ అనే పిలిచేవాళ్ళు. ‘చెరూట్’ అన్న ఇంగ్లీషు మాట కూడా తమిళ ‘సురుట్టు’ నుంచి పోయిందే.

సిగార్‌ది కూడా అదే పని, కాకపోతే మూడు పొరలు. లోపల నింపుడు ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, అన్నిటికీ పైన నునుపైన చుట్టు ఆకు. నింపుడులో మళ్ళీ తేడాలుంటాయి. మొక్క అడుగున కాసే ఆకు పలచగా ఉండి బాగా అంటుకుంటుంది, మధ్య ఆకు వాసన ఇస్తుంది, పైన ఎండంతా తాగిన ఆకు మందంగా, ఘాటుగా ఉండి మెల్లగా కాలుతుంది. మొక్క పైభాగంలో కాసే ఈ ఆకుని లిహేరో అంటారు. చుట్టేవాళ్ళు దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెడతారు, అందుకే మంచి సిగార్ నిప్పు మధ్యలో కొంచెం కోసుగా పైకి లేచి ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే సిగార్ సగం దాటాక ఎందుకు ఘాటెక్కుతుందో, ఎందుకు మెల్లగా తాగమంటారో మీకే తెలిసిపోతుంది.

ఏది కొనాలి

వేసవికి చిన్నది, తేలికైనది. సిగార్ లావుని అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు, 50 అని రాసి ఉంటే అంగుళానికి ముప్పావు కంటే కొంచెం ఎక్కువ అన్నమాట. సైజులకి పేర్లుంటాయి. రొబుస్టో అంటే దాదాపు 5 అంగుళాల పొడుగు, 50 లావు, ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. చర్చిల్ సుమారు 7 అంగుళాలు ఉంటుంది, దాన్ని మే నెలలో మొదలుపెడితే గంటన్నరకి గానీ లేవలేరు, చివరి అరగంట ఒట్టి శిక్ష. వీటికంటే సన్నగా ఉండే పెటిట్ కరోనా, కరోనా సైజులు నాకు బాగా కుదిరాయి. అరగంట, నలభై నిమిషాలు, రుచి ఇంకా బాగున్నప్పుడే అయిపోతాయి.

పైఆకు, అంటే ఇందాక చెప్పిన చుట్టు ఆకు, లేత గోధుమరంగులో ఉండే కనెక్టికట్ షేడ్ రకం వేసవికి మంచిది. నీడకోసం పైన గుడ్డ పందిళ్ళు వేసి పెంచుతారు కాబట్టి ఆకు పలచగా, మెత్తగా ఉంటుంది. ఈక్వడోర్‌లో మబ్బులే ఆ పందిరి పని చేస్తాయి, అక్కడి ఆకూ బాగుంటుంది. నల్లగా నిగనిగలాడే మదురో రకం పైఆకు చూసి ‘అమ్మో ఘాటు’ అనుకుంటారు గానీ ఆ నలుపు ఎక్కువకాలం పులియబెట్టడం వల్ల వచ్చేది, తరచు తియ్యగానే ఉంటుంది. ఘాటు లోపలి నింపుడులో ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్ సిగార్లలో మెత్తనివి తేలిగ్గా దొరుకుతాయి. నికరాగువాలో ఎస్తెలీ చుట్టుపక్కల ఆకుతో చేసినవి మిరియపు ఘాటుతో ఉంటాయి, వాటిని డిసెంబర్‌కి దాచుకోండి.

కొట్లో సిగార్‌ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పొడుగునా మెల్లగా నొక్కండి. ఎక్కడైనా బోలుగా అనిపించినా, రాయిలా గట్టి ముడి తగిలినా వద్దు. గుండుసూది గుచ్చినంత కన్నం ఒక్కటి కనిపించినా ఆ డబ్బా మొత్తం వద్దు, ఎందుకో కింద చెప్తాను. మన దేశంలో చట్టప్రకారం అమ్మే పెట్టె మీద ఆరోగ్య హెచ్చరిక బొమ్మ, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. అవి లేకుండా ‘దుబాయ్ నుంచి వచ్చింది సార్, ఒరిజినల్ క్యూబా’ అని అద్దం మూత పెట్టెలో చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. క్యూబా బ్రాండు కొహీబా పేరుతో వచ్చే అద్దం మూత పెట్టెలంటే నకిలీకి పెట్టింది పేరు.

దాచడం: మనవాళ్ళు ఓడిపోయేది ఇక్కడే

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఒక పెట్టె కొని బెడ్‌రూమ్ బీరువాలో పెట్టి ఊరెళ్ళాను. పది రోజులకి వచ్చి తెరిస్తే పెట్టె అడుగున ముక్కుపొడిలాంటి పలచటి గోధుమరంగు నుసి, సిగార్ల నిండా గుండ్రటి చిన్న కన్నాలు. ఒకదాన్ని దీపం ముందు పెట్టి చూస్తే వెలుతురు ఇటునుంచి అటు వచ్చేస్తోంది. పొగాకు పురుగు. దాని గుడ్లు కంటికి కనపడవు, ఆకులోనే ఉండిపోతాయి, చల్లగా ఉన్నంతకాలం నిద్రపోతాయి, దాచేచోట వేడి 24 డిగ్రీలు దాటిందంటే ఇక భయమే. మన వేసవిలో బీరువాలో 35 ఉంటుంది.

అప్పటినుంచి కొన్న ప్రతి సిగార్‌నీ ముందు గడ్డకట్టిస్తాను. గాలి తీసేసి జిప్ కవర్లో, ఆ కవర్‌ని ఇంకో జిప్ కవర్లో పెట్టి, ఒకరోజు మామూలు ఫ్రిజ్‌లో, తర్వాత నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో, మళ్ళీ ఒకరోజు ఫ్రిజ్‌లో, చివరికి కవర్ విప్పకుండానే ఒకరోజు గదిలో. ఈ మెట్లు ఎందుకంటే ఒక్కసారిగా వేడి చల్లదనాలు మారితే పైఆకు పగులుతుంది, తొందరపడి కవర్ తెరిస్తే ఆకు మీద నీరు పడుతుంది. అలాగని ఫ్రిజ్‌లోనే దాచేయొద్దు. ఫ్రిజ్ గాలి పొడిది, పైగా సగం కోసిన ఉల్లిపాయ వాసన, ఇంగువ వాసన అన్నీ ఆకు పీల్చేసుకుంటుంది.

దాచడానికి ఖరీదైన చెక్కపెట్టె అవసరం లేదు. రబ్బరు అంచుతో మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో 65 శాతం చెమ్మ నిలిపే ప్యాకెట్ ఒకటి, చిన్న డిజిటల్ తేమ మీటర్ ఒకటి, చాలు. 69 శాతం ప్యాకెట్లు కూడా వస్తాయి గానీ మన వేడికి 65 మేలు, ఆకు తడిదేరకుండా ఉంటుంది. మీటర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళతో ముద్దలా తడిపి, మీటర్‌తో కలిపి జిప్ కవర్లో ఎనిమిది గంటలు ఉంచండి. లోపల చెమ్మ కచ్చితంగా 75 శాతానికి వచ్చి ఆగుతుంది. మీటర్ 71 చూపిస్తే అది నాలుగు తక్కువ చూపిస్తోందని గుర్తుపెట్టుకోండి. డబ్బాని ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల, మంచం కిందో, ఏసీ వేసే గదిలో కింది అరలోనో పెట్టండి. వంటింటి గోడకి ఆనుకుని, ఫ్రిజ్ మీద మాత్రం వద్దు.

వైజాగ్, రాజమండ్రి, నెల్లూరు వాళ్ళకి సమస్య తిరగబడుతుంది. అక్కడ ఉక్కపోత, గాలిలోనే చెమ్మ, డబ్బా మూత తీసినప్పుడల్లా లోపలికి వస్తుంది. సిగార్ ఉబ్బుతుంది, దమ్ము బిగుసుకుపోతుంది, మాటిమాటికీ ఆరిపోతుంది. ఆ ఊళ్ళవాళ్ళు తాగబోయే సిగార్‌ని నాలుగైదు గంటల ముందే తీసి ఏసీ గదిలో ఆరనిస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఊళ్ళలో అదే పని చేస్తే పైఆకు చిట్లుతుంది, అక్కడ సరిగ్గా వెలిగించబోయేటప్పుడే తీయాలి.

ఆ సాయంత్రం

కడుపు నిండుగా ఉండాలి. ఒకసారి ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా తినకుండా, ఎండలో తిరిగొచ్చి, ఫ్రెండ్ ఇచ్చిన నికరాగువా సిగార్ సగం తాగేసరికి చెయ్యి చల్లబడి, నుదుటి మీద చెమట పట్టి, కళ్ళు తిరిగి, పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాను. నికోటిన్ ఎక్కువైతే అలాగే ఉంటుంది, వేసవిలో ఒంట్లో నీళ్ళు తక్కువైనప్పుడు ఇంకా తొందరగా వస్తుంది. అలా అనిపించిన క్షణం సిగార్ పక్కన పెట్టేయండి, నీళ్ళు తాగండి, చిన్న బెల్లంముక్క నోట్లో వేసుకోండి, నాకు తీపితో తేరుకుంటుంది. వాంతులు ఆగకపోయినా, గుండెల్లో ఏమాత్రం తేడాగా ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళడమే.

చోటు విషయంలో కూడా కొంచెం ఆలోచించాలి. వేసవిలో డాబాల మీద వడియాలు, అప్పడాలు, ఒరుగులు ఎండుతుంటాయి, చాలామంది రాత్రి కూడా వదిలేస్తారు. పిండి పొగవాసన ఇట్టే పట్టేస్తుంది. ఆరేసిన బట్టలూ అంతే. ముందు అవి తీసి ఉన్నాయో లేదో చూడండి, గాలి ఎటు వీస్తోందో చూసి ఎవరి కిటికీలోకీ పొగ పోని మూల కూర్చోండి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఒప్పుకుంటేనే. సినిమాహాలు, బస్టాండ్, రైల్వేస్టేషన్ లాంటి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నేరం.

దోమల కాయిల్, అగరుబత్తి వెలిగించారా, ఇక రుచి సంగతి మర్చిపోండి, ఆ వాసన ముందు ఏదీ నిలవదు. ఒంటికి దోమల క్రీమ్ రాసుకుంటే వేళ్ళ మీద రాకుండా చూసుకోండి. టేబుల్ ఫ్యాన్ కాళ్ళకి తగిలేలా పెట్టుకుంటే దోమలూ రావు, నిప్పు మీద గాలీ పడదు.

తాగడానికి నేను పెట్టుకునేది పాలు, చక్కెర లేని ఫిల్టర్ కాఫీ డికాషన్, చల్లబరిచింది. నన్నారి షర్బత్ కూడా బాగా కుదురుతుంది గానీ నిమ్మకాయ పిండొద్దు, పులుపు తగిలితే పొగ లోహంలా అనిపిస్తుంది. మజ్జిగ నాలుకకి పూత వేసేస్తుంది, అది తర్వాత తాగండి. దొరికితే ముంజలు పెట్టుకోండి. రెండు మూడు దమ్ముల మధ్య ఒక ముంజ తింటే నోరు కడిగినట్టు శుభ్రపడుతుంది, చల్లగా, లేత తీపితో, సిగార్ రుచికి అడ్డం రాకుండా. మద్యం గురించి అడుగుతారని తెలుసు. ఉక్కలో అది ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తుంది, నాలుకనీ మొద్దుబారుస్తుంది, నేను రెండూ కలపను.

కోయడం, వెలిగించడం

నోట్లో పెట్టుకునే కొసకి చిన్న టోపీలా ఆకు అంటించి ఉంటుంది. ఆ టోపీ భుజం దాటకుండా, పైన ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రం, పదునైన కట్టర్‌తో ఒక్క వేటులో కోయాలి. మెల్లగా నొక్కితే చితుకుతుంది, కిందికి కోస్తే పైఆకు విప్పుకుపోతుంది. పళ్ళతో కొరకొద్దు.

కోశాక వెలిగించకుండానే ఒక ఖాళీ దమ్ము లాగండి. గాలి సాఫీగా వస్తోందా, ఏ వాసన వస్తోంది? నాకు చాలాసార్లు ఎండుగడ్డి, ఒక్కోసారి ఎండుద్రాక్ష.

గ్యాస్ లైటర్ గానీ, పొడుగు అగ్గిపుల్ల గానీ వాడండి, గంధకం పూర్తిగా కాలిపోయేదాకా ఆగి. పెట్రోల్ లైటర్ వాసన మొదటి పది దమ్ముల్లో ఉంటుంది. సిగార్‌ని మంటలో ముంచొద్దు. మంటకి ఒక అంగుళం పైన పట్టుకుని, అప్పడం కాల్చినట్టు తిప్పుతూ అంచు చుట్టూ నల్లబడి ఎర్రబడేదాకా వేడి చేయండి. తర్వాత నోట్లో పెట్టుకుని తిప్పుతూ రెండు మెత్తటి దమ్ములు. చివర నిప్పు మీద మెల్లగా ఊదండి, ఎక్కడ ఎర్రగా లేదో తెలుస్తుంది, అక్కడ మళ్ళీ కొంచెం మంట చూపించండి. ఇక్కడ పెట్టే నిమిషం తర్వాత పావుగంట చికాకు తప్పిస్తుంది.

రుచి చూడటం

పొగ నోటిలోకే, లోపలికి పీల్చొద్దు. స్ట్రాతో చిక్కటి షర్బత్ లాగినట్టు బుగ్గలతో లాగి, మూడు నాలుగు సెకన్లు నోట్లో తిప్పి వదిలేయాలి. మామూలుగా నిమిషానికి ఒక దమ్ము అంటారు, వేసవిలో నేను నిమిషంన్నర దాకా ఆగుతాను. నిప్పుకి ఒక అంగుళం ఇవతల వేలు ఆనించి చూడండి, వెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే రెండు నిమిషాలు పక్కన పెట్టండి. వేడెక్కిన సిగార్ చేదెక్కుతుంది, ఆ చేదు మళ్ళీ పూర్తిగా పోదు.

రుచుల పేర్ల దగ్గర చాలామంది బెదిరిపోతారు. విదేశీ సమీక్షల్లో సెడార్, లెదర్, కోకో అని రాస్తారు, మనం వెతికితే అవి దొరకవు, మనకి నాలుక లేదేమో అనుకుంటాం. ఉంది. మన నాలుకకి తెలిసినవి వేరే. నా నోటుబుక్‌లో ఇలా ఉంటాయి: శనగలు వేయించేటప్పుడు లేచే పొట్టు వాసన. ముదురుపాకం పట్టిన నల్లబెల్లం. అటక మీది ట్రంకుపెట్టె మూత తీసినప్పటి గాలి. తాటాకు పందిరి తడిసి ఎండినప్పటి వాసన. కొబ్బరిపీచు పొయ్యి. పొడి కొట్టిన మిరియాలు, దంచిన శొంఠి. కాఫీగింజలు వేయించే కొట్టు ముందు నడిచినప్పుడు వచ్చేది. మొదటిసారి ‘తాటాకు పందిరి’ అని రాసుకున్నప్పుడు, ఆ సిగార్ గురించి పుస్తకాల మాటలేవీ చెప్పలేనిది చెప్పాననిపించింది. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఏ వాసన గుర్తొస్తే అదే రాయండి, ఎవరైనా ఏమనుకుంటారో అని ఆగొద్దు.

నాలుకకి తెలిసేది తక్కువ, ముక్కుకే ఎక్కువ తెలుస్తుంది. నోట్లో పొగని ముప్పావు వంతు వదిలేసి, మిగిలిన కొంచెం పొగని నోరు మూసి ముక్కులోంచి మెల్లగా పంపితే రుచి ఒక్కసారిగా విప్పుకుంటుంది. మొదటిసారి మండుతుంది, కళ్ళల్లో నీళ్ళొస్తాయి. ఒక సిగార్‌కి మూడుసార్లు చాలు, ప్రతి మూడోవంతులో ఒకసారి.

ఎందుకంటే సిగార్ రుచి మూడు ముక్కలుగా మారుతుంది. మొదటి భాగం తేలిక, గడ్డి, ధాన్యం లాంటివి. మధ్యభాగం నాకు చాలా ఇష్టం, ఆకులన్నీ ఒక దారికి వచ్చి తీపి, కాఫీ, కట్టె వాసన కలిసి తెలుస్తాయి. చివరి భాగంలో నిప్పు నోటికి దగ్గరవుతుంది, అంతదాకా తారు పేరుకుని ఉంటుంది, మిరియం ఘాటు పెరుగుతుంది. ఎండాకాలం నేను చివరి భాగాన్ని సగంలోనే వదిలేస్తాను. డబ్బు పెట్టాం కదా అని వేళ్ళు కాలేదాకా లాగక్కర్లేదు.

మధ్యలో వచ్చే ఇబ్బందులు

ఒకపక్కే కాలుతుంటే, వెనకబడిన వైపుని కిందికి తిప్పి పట్టుకోండి, గాలి కిందనుంచి అందుతుంది కాబట్టి అటు నిప్పు అందుకుంటుంది. రెండు నిమిషాల్లో సర్దుకోకపోతే లైటర్‌తో ఆ అంచుకి మాత్రం మంట చూపించండి. ఆరిపోతే కంగారేం లేదు, బూడిద రాల్చి, లోపల నిలిచిన పొగ పోయేలా బయటికి ఒకసారి ఊది, మళ్ళీ మొదటిలాగే తిప్పుతూ వెలిగించండి. గంట దాటిపోతే మాత్రం పారేయడమే, పాత పొగ ఆకులో పడి కంపు కొడుతుంది. బూడిదని మాటిమాటికీ దులపొద్దు, అంగుళం దాకా నిలవనిస్తే అదే నిప్పుకి గొడుగు పడుతుంది.

అయిపోయాక సిగరెట్‌లా నలపకండి, నలిపితే ఒక్కసారిగా చెడ్డ వాసన లేస్తుంది. యాష్‌ట్రేలో వదిలేస్తే ఐదారు నిమిషాల్లో దానంతట అదే ఆరిపోతుంది. పూర్తిగా చల్లారాక మీద నీళ్ళు పోసి, ఆ ముక్కని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, యాష్‌ట్రే ఆ రాత్రే కడిగేయండి. పొద్దుటిదాకా ఉంచితే డాబా మీదికి మల్లెపూలు కోయడానికి వచ్చే ఇంట్లోవాళ్ళకి ముందు తగిలేది ఆ వాసనే. ఉప్పునీళ్ళతో పుక్కిలించి, పళ్ళు తోముకుని, చొక్కా మార్చుకున్నాక నేను కిందికి దిగుతాను, గ్లాసుడు మజ్జిగ తాగేది అప్పుడే.